యూసుఫ్‌గూడ సియెట్‌కు అరవై అయిదేళ్లు

అమీర్‌పేటలో మైత్రీవనం చుట్టూ ఉన్న బోర్డులు చదువుకుంటూ నడిస్తే హైదరాబాదులో చదువుకు ఏ రేటు పలుకుతోందో ఒక్క పూటలో తెలిసిపోతుంది. జావా, డేటా సైన్స్, క్లౌడ్, ఆ మేడ మీద మళ్లీ ఇంకో కోచింగ్. అక్కడే మెట్రో ఎక్కితే మధురానగర్ దాటగానే యూసుఫ్‌గూడ వస్తుంది. అక్కడ ఇంకో రకం బడి ఉంది. దానికి బోర్డుల సందడి లేదు. ఉద్యోగాలు ఇచ్చేవాళ్లను తయారుచేసే బడి అది. ఇప్పుడు కాగితాల మీద దాని పేరు జాతీయ సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల సంస్థ. పాతవాళ్ల నోట మాత్రం ఇంకా సియెట్, లేదంటే నిసియెట్. 1960లో ఢిల్లీలో పుట్టిన ఆ సంస్థకు 2025తో అరవై అయిదేళ్లు నిండాయి.

మనిషికి సన్మానమంటే శాలువా కప్పుతాం, దండ వేస్తాం, జ్ఞాపిక చేతిలో పెడతాం. సంస్థకు కప్పడానికి భుజాలుండవు. అది చేసిన మంచి పనిని పేరుపెట్టి చెప్పుకోవడమే దానికి చెయ్యగల సన్మానం. ఈ విషయంలో మనవాళ్లది కాస్త బద్ధకం. "విశేష కృషి చేసింది, ఎనలేని సేవలందించింది" అనేసి ఫొటోలకు నిలబడిపోతాం. ఈ అభినందనలో ఆ రెండు ముక్కలూ వాడకుండా, సియెట్ చేసిన ఒక్క పని గురించి తీరిగ్గా చెప్పాలని ఉంది. అది కాకినాడ పని.

అంతకుముందు ఈ సంస్థ ఎందుకు పుట్టిందో రెండు మాటలు. స్వాతంత్ర్యం వచ్చిన కొత్తల్లో పెద్ద ప్రాజెక్టులంటే ఉక్కు, ఎరువులు, ఆనకట్టలు. మరి చిన్న పరిశ్రమల సంగతేమిటని ప్రభుత్వం ఫోర్డ్ ఫౌండేషన్‌ను అడిగితే, 1953-54లో ఒక అంతర్జాతీయ నిపుణుల బృందం దేశమంతా తిరిగి నివేదిక ఇచ్చింది. ఇప్పటి మాటలో అదొక కన్సల్టెన్సీ ప్రాజెక్టు. చాలా నివేదికల్లా అది బీరువాలో నిద్రపోలేదు. చిన్న పరిశ్రమల అభివృద్ధికి 1954లోనే ప్రత్యేక యంత్రాంగం వచ్చింది, 1955లో జాతీయ చిన్నపరిశ్రమల సంస్థ వచ్చింది. ఊళ్లలో తిరిగి చిన్న పరిశ్రమలకు సలహా చెప్పే అధికారులకు ముందు శిక్షణ కావాలి కదా, దానికోసం 1960లో ఢిల్లీలో కేంద్ర పారిశ్రామిక విస్తరణ శిక్షణ సంస్థ పెట్టారు. సెక్రటేరియట్ ఫైళ్ల నీడలో ఉంటే అది ఎదగదని రెండేళ్లలోనే తెలిసిపోయింది. 1962లో పేరు మార్చి, కొంత స్వతంత్రం ఇచ్చి హైదరాబాదుకు పంపించారు. చిన్న పరిశ్రమల విస్తరణ శిక్షణ సంస్థ, పొట్టిగా సియెట్, అలా మన ఊరిదయింది.

ఇక కాకినాడ.

హార్వర్డ్‌లో డేవిడ్ మెక్లెలండ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఉండేవారు. కొన్ని సమాజాలు ఆర్థికంగా పైకి రావడానికి, అక్కడి మనుషుల్లో ఏదో సాధించాలన్న తపన ఎక్కువగా ఉండటమే కారణమని 1961లో ఒక పెద్ద పుస్తకం రాశారు. రాసి ఊరుకోలేదు. ఆ తపన పుట్టుకతో రావలసిందేనా, పెద్దయ్యాక నేర్పితే వస్తుందా అన్న ప్రశ్న ఆయన్ను పట్టుకుంది. తేల్చుకోవడానికి ఊరు కావాలి, మనుషులు కావాలి, ఆ పని నెత్తిన పెట్టుకునే సంస్థ కావాలి. సంస్థ సియెట్ అయింది. ఊరు కాకినాడ అయింది.

1964లో కాకినాడ నుంచి వ్యాపారస్తులు, చిన్న కర్మాగారాల యజమానులు జట్లు జట్లుగా హైదరాబాదు వచ్చి సియెట్‌లో దిగారు. అందరూ కలిపి యాభైమందికి పైనే. ఒక్కో జట్టుకు సుమారు పదిరోజుల శిక్షణ. అక్కడ జమాఖర్చులు రాయడం నేర్పలేదు, యంత్రాలు తిప్పడం నేర్పలేదు. బొమ్మ ఒకటి చూపించి కథ రాయమన్నారు. బొమ్మలో ఏం జరుగుతోంది, అంతకుముందు ఏం జరిగింది, ఆ మనిషి ఏమనుకుంటున్నాడు, తర్వాత ఏమవుతుంది, అంతే. రాసిన కథల్లో పని, పోటీ, అడ్డంకి దాటడం ఎంత ఉన్నాయో, ఊరికే కూర్చుని దిగులు పడటం ఎంత ఉందో లెక్కగట్టారు. తర్వాత ఎవరి కథలు వాళ్లకే చూపించారు. నలభై ఏళ్ల వ్యాపారస్తుడు తన కథలో తన తలకాయ ఎలా పనిచేస్తోందో చూసుకోవడమన్నమాట.

ఇంకో ఆట ఉండేది. నేల మీద ఒక కొయ్య, చేతిలో కొన్ని రింగులు. ఎంత దూరం నుంచి విసరాలో ఎవరికి వాళ్లే తేల్చుకోవాలి. కొయ్యకు ఆనుకుని నిలబడి విసిరినవాడికి ప్రతి రింగూ పడుతుంది, మెప్పు మాత్రం ఉండదు. గది చివర నుంచి విసిరినవాడికి పడితే అదృష్టం, పడకపోతే నవ్వులాట. సాధించాలన్న తపన ఉన్నవాడు కాస్త కష్టంగా, కానీ పడే అవకాశం ఉండేంత దూరంలో నిలబడతాడని మెక్లెలండ్ అంచనా. వ్యాపారంలో జూదానికీ సాహసానికీ మధ్య గీత ఎక్కడుందో ఆ రింగుల ఆట పావుగంటలో చూపిస్తుంది. నాకు తెలిసి మేనేజ్‌మెంట్ పాఠాల్లో ఇంత చవకైన, ఇంత నిక్కచ్చి పాఠం ఇంకోటి లేదు.

చివర్లో ఒక్కొక్కరూ వచ్చే రెండేళ్లలో ఏం చెయ్యదలచుకున్నారో కాగితం మీద పెట్టాలి. ఆర్నెల్లకోసారి ఎంతవరకు వచ్చిందో చెప్పాలి. పదిరోజుల కాలక్షేపం చేసి, గ్రూప్ ఫొటో దిగి వెళ్లిపోవడం కుదరదు.

ఈ ప్రయోగంలో అన్నిటికన్నా పెద్ద మాట ఇంకోటి. కాకినాడకు అరవై, అరవై అయిదు కిలోమీటర్ల దూరంలో రాజమండ్రి ఉంది. ఇంచుమించు అంతే ఊరు. ఆ గోదావరి నీళ్లే, ఆ మనుషులే. అక్కడివాళ్లకు శిక్షణ ఇవ్వలేదు, కాకినాడతో పోల్చి చూసుకోవడానికి పక్కన పెట్టుకున్నారు. శిక్షణ అయిపోయాక మళ్లీ వెళ్లి రెండు ఊళ్లలోనూ ఎవరేం చేశారో విచారించారు. శిక్షణ తీసుకున్నవాళ్లు కొత్త వ్యాపారాలు మొదలుపెట్టడంలో, పెట్టుబడి పెట్టడంలో, మరో నలుగురికి పని ఇవ్వడంలో మిగతావాళ్లకన్నా ముందున్నారని తేలింది. మెక్లెలండ్, ఆయన సహచరుడు డేవిడ్ వింటర్ కలిసి ఆ వివరాలన్నీ 1969లో పుస్తకంగా అచ్చువేశారు. ఎంటర్‌ప్రెన్యూర్‌షిప్ చదివే ఎంబీఏ పిల్లలకు ఇవాళ్టికీ పాఠ్యపుస్తకంలో కాకినాడ ఎదురవుతుంది. మామూలుగా కాకినాడంటే మనకు కాజా, ఓడరేవు. హార్వర్డ్ వాళ్లకు కాకినాడంటే ఇది.

ఆ పుస్తకంలో రెండు సంగతులు నాకు ముఖ్యమనిపిస్తాయి. మొదటిది: కులం, ఉమ్మడి కుటుంబం, కర్మసిద్ధాంతం మనవాళ్లను కదలనివ్వవని ఆ రోజుల్లో పడమటి పండితుల్లో గట్టి నమ్మకం ఉండేది. కాకినాడ వ్యాపారస్తులు ఆ నమ్మకాన్ని మర్యాదగానే తోసిపుచ్చారు. పూజలు మానకుండా, ఆచారాలు వదలకుండా కొత్త వ్యాపారాలు పెట్టారు. రెండోది చేదు నిజం. శిక్షణ పనిచేసింది ఎక్కువగా తమ వ్యాపారం మీద తమకే పెత్తనం ఉన్నవాళ్ల విషయంలో. గల్లాపెట్టె దగ్గర తండ్రో అన్నో కూర్చుంటే, వాళ్లు చెప్పింది చెయ్యాల్సిన మనిషికి తపన ఎంత పెంచినా పెద్దగా లాభం కనబడలేదు. మనిషిని మారిస్తే సరిపోదు, అతని చేతికి తాళాలు కూడా రావాలి.

అలాగని కాకినాడను నెత్తిన పెట్టుకుని ఊరేగాల్సిన పనిలేదు. శిక్షణ పొందినవాళ్లు పదుల్లోనే, ఊరు మాత్రం లక్ష జనాభా దాటినది. ఆ కొద్దిమంది వల్ల ఊరి రూపురేఖలు మారిపోయాయంటే అతిశయోక్తే. మనిషి మనసు సరిచేస్తే పేదరికం పోతుందనడం కూడా ఒకరకం అమాయకత్వమే. అప్పు పుట్టాలి, కరెంటు ఉండాలి, సరుకు కొనేవాడుండాలి. అయినా వ్యాపార దక్షత నేర్పితే వస్తుందన్న ధైర్యం దేశానికి ఇక్కడే వచ్చింది. 1970లో గుజరాత్‌లో మొదలైన ఎంటర్‌ప్రెన్యూర్‌షిప్ శిక్షణలు ఆ ధైర్యంతో నడిచినవే. 1983లో అహ్మదాబాదులో దానికోసమే ఒక జాతీయ సంస్థ వెలిసింది. మన సియెట్‌కు 1984లో జాతీయ హోదా వచ్చి నిసియెట్ అయింది. చిన్న పరిశ్రమల చట్టం మారాక 2007లో ఇప్పటి పేరు పెట్టారు.

ఈ మధ్యలో చేసిన పనులు చాలానే. 1967 నుంచి విదేశీ అధికారులకు కోర్సులు నడుస్తున్నాయి. వందకు పైగా దేశాలవాళ్లు యూసుఫ్‌గూడ హాస్టల్లో ఉండి, సాంబారు రుచి చూసి వెళ్లారు. 1971లో చిన్న పరిశ్రమల సమాచార కేంద్రం పెట్టారు, 1974 నుంచి ఒక పరిశోధన పత్రిక తెస్తున్నారు. ఇవి గ్రంథాలయంలో కూర్చుని చూడాల్సిన పనులు, పొగడటానికి వాటి జాబితా చదవక్కర్లేదు.

క్లస్టర్ల పని మాత్రం కాస్త ఆగి చూడాలి, ఎందుకంటే ఈ కాలపు కన్సల్టెన్సీ అంతా అక్కడే ఉంది. ఒకే సరుకు చేసేవాళ్లు ఒకేచోట వందల్లో ఉంటారు. మచిలీపట్నంలో రోల్డ్‌గోల్డ్, పెంబర్తిలో ఇత్తడి, నరసాపురం చుట్టుపక్కల లేసు. ఏ ఒక్కరూ సొంతంగా ఖరీదైన యంత్రం కొనలేరు, పరీక్షా కేంద్రం పెట్టుకోలేరు. అందరూ ఒక సంఘమై ఉమ్మడి సదుపాయ కేంద్రం పెట్టుకుంటే ప్రభుత్వం గ్రాంటు ఇస్తుంది. ముందు ఆ ఊళ్లో కూర్చుని ఇంటింటి లెక్కా తియ్యాలి: ముడిసరుకు ఎక్కడిది, కూలి ఎంత, దళారీ ఎంత కోసుకుంటాడు, పూత మురుగు ఎక్కడికి పోతోంది. తర్వాత ప్రాజెక్టు రిపోర్టు రాయాలి, బ్యాంకును ఒప్పించాలి, సంఘంలో అలకలు తీర్చాలి. దేశంలో ఈ పని నేర్చినవాళ్లలో యూసుఫ్‌గూడ వాళ్లు పాతకాపులు. బజారులో ఊరి పేరు ఒక్కటే మార్చి అదే రిపోర్టు పదిచోట్ల అమ్ముకునేవాళ్లు ఉన్నారు కాబట్టి, కాళ్లరిగేలా తిరిగి రాసినవాళ్ల విలువ ఇంకా ఎక్కువ.

నరసాపురం లేసు మాట వచ్చింది కాబట్టి ఒక హెచ్చరిక. మరియా మీస్ అనే జర్మన్ సామాజిక శాస్త్రవేత్త ఆ లేసు అల్లే ఆడవాళ్ల మీద 1982లో పుస్తకం రాశారు. రోజంతా సూది పట్టుకున్న ఆడవాళ్లను గృహిణులుగానే చూశారు, కార్మికులని ఎవరూ అనలేదు, లాభం ఎగుమతిదారుల చేతికి పోయిందని ఆమె చూపించారు. 2024లో ఆ లేసుకు జీఐ గుర్తింపు వచ్చింది, మంచిదే. కానీ అవకాశం కల్పించామని చెప్పే ప్రతి ప్రాజెక్టునూ అడగాల్సిన ప్రశ్న అదే: అల్లినామె చేతికి ఎంత వచ్చింది? 2025 ఏప్రిల్ 1 నుంచి పదికోట్ల రూపాయల టర్నోవరున్న యూనిట్ కూడా సూక్ష్మ పరిశ్రమే. కుట్టుమిషన్ మీద నాలుగు జాకెట్లు కుట్టే ఆవిడా అదే గదిలో కూర్చుంటుంది. పథకాలన్నీ తలుపు దగ్గర కూర్చున్నవాడికే అంది ఆగిపోకుండా ఆమెదాకా వెళ్తున్నాయో లేదో చూడటం ఈ సంస్థ ఇకమీద చెయ్యాల్సిన పని.

అందుకు కొత్త సిద్ధాంతం అక్కర్లేదు. 1964లో చేసినట్టే చేస్తే చాలు. శిక్షణ ఇచ్చినవాళ్లను, ఇవ్వనివాళ్లను పక్కపక్కన పెట్టి, రెండేళ్లాగి మళ్లీ వెళ్లి లెక్క తియ్యాలి. వచ్చిన లెక్క బాగున్నా బాగోకపోయినా తెలుగులో అచ్చువెయ్యాలి. ఎంతమందికి శిక్షణ ఇచ్చామన్న అంకె వార్షిక నివేదికల్లో ఎప్పుడూ ఉంటుంది. వాళ్లలో ఎంతమంది నిలబడ్డారన్నది సన్మానానికి తగిన అంకె.

సియెట్‌కు, అందులో పాఠాలు చెప్పినవాళ్లకు, హాస్టల్ వంటవాళ్లకు, ఊళ్లు తిరిగి రిపోర్టులు రాసిన కుర్రాళ్లకు అరవై అయిదేళ్ల శుభాకాంక్షలు. నిండు నూరేళ్లూ ఇలాగే సాగాలి. ఈ వ్యాసం చదువుతున్న కాకినాడ వాళ్లకు ఒక మనవి. 1964 ప్రాంతంలో మీ తాతగారో పెదనాన్నగారో వ్యాపార శిక్షణకని హైదరాబాదు వెళ్లివచ్చి ఉంటే, ఆ రోజుల ఫొటో, ఉత్తరం, నోటుబుక్కు ఏది ఉన్నా అటక మీద చెదలు పట్టనివ్వకండి. కాపీ తీయించి యూసుఫ్‌గూడలో ఆ సంస్థ గ్రంథాలయానికి పంపండి.