సినిమాకు అక్కరకు రాని పాట... రాష్ట్ర గీతమై నిలిచింది
పాటకు పట్టం, కవికి పేదరికం: ఇదీ శంకరంబాడి సుందరాచారి జీవితం

తిరుపతి: ఆ పాట తెలియని తెలుగువారు అరుదు. దాన్ని రాసిన కవి పేరు తెలిసినవారు మాత్రం తక్కువే. బడిలో ప్రార్థన వేళ, ప్రభుత్వ సభల్లో, విదేశాల్లోని తెలుగు సంఘాల వేడుకల్లో దశాబ్దాలుగా మారుమోగుతున్న 'మా తెలుగు తల్లికి' గీతాన్ని రచించిన శంకరంబాడి సుందరాచారి తిరుపతి బిడ్డ. 1942లో ఒక చలనచిత్రం కోసం రాసిన ఆ గీతానికి ఆ చిత్రంలోనే చోటు దక్కలేదు. అక్కరకు రాదని పక్కన పెట్టిన పాట మూడు దశాబ్దాలు గడిచాక ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర గీతమైంది. అప్పటికి దాన్ని రాసిన కవి పేదరికంతో పోరాడుతూ జీవిత చరమాంకంలో ఉన్నారు.

పంతానికి ఇల్లు విడిచి...

సుందరాచారి 1914 ఆగస్టు 10న తిరుపతిలో జన్మించారు. మదనపల్లెలో ఇంటర్మీడియట్ వరకు చదివారు. ఆ పట్టణానికీ పాటకూ ఒక చారిత్రక బంధం ఉంది. 1919లో రవీంద్రనాథ్ ఠాగూర్ మదనపల్లె థియోసాఫికల్ కళాశాలలో బస చేసినప్పుడే 'జనగణమన'ను ఆంగ్లంలోకి అనువదించారు. కొన్నేళ్ల తర్వాత అదే ఊరిలో చదువుకున్న యువకుడు తెలుగువారి గీతానికి కర్త కావడం, రవీంద్రుని 'గీతాంజలి'ని తెలుగులోకి తేవడం విశేషం.

చిన్ననాటి నుంచీ ఆయనది ఎవరికీ తలవంచని స్వభావం. ఆచార సంపన్నమైన బ్రాహ్మణ కుటుంబంలో పుట్టినా సంధ్యావందనం వంటి నిత్యవిధులపై ఆసక్తి చూపలేదు. తండ్రి మందలించగా జంధ్యాన్ని తెంచివేసి, పంతానికి ఇల్లు విడిచి వెళ్లిపోయారని చెబుతారు. భుక్తి కోసం హోటల్లో సర్వరుగా పనిచేశారు. రైల్వే స్టేషనులో కూలీగా మూటలు మోశారు. వచ్చిన పనిని చిన్నదని ఎంచకపోవడం, మాట పడాల్సి వస్తే ఎంత మంచి కొలువునైనా వదులుకోవడం ఆయన జీవితమంతటా కనిపించే రెండు లక్షణాలు.

పంతులుగారిని మెప్పించిన జవాబు

పని వెతుక్కుంటూ ఆయన దేశోద్ధారక కాశీనాథుని నాగేశ్వరరావు పంతులును కలిసిన సందర్భం సాహితీలోకంలో ప్రసిద్ధం. ఆంధ్రపత్రికలో ఉద్యోగం కోరి వచ్చిన యువకుడిని పంతులుగారు తెలుగు వచ్చునా అని అడిగారు. సుందరాచారి బదులు చెప్పకుండా, పంతులుగారికి తెలుగు రాదా అని ఎదురు ప్రశ్న వేశారు. నివ్వెరపోయిన పెద్దాయనకు, తెలుగువాడిని అటువంటి ప్రశ్న అడగడం తనకు ఎంత అసంబద్ధంగా తోచిందో తెలియజెప్పడానికే అలా అడిగానని వివరించారు. పంతులుగారు ఆగ్రహించలేదు. ఆ మాటల్లోని భాషాభిమానాన్ని గుర్తించి వెంటనే ప్రూఫ్ రీడరు కొలువు ఇచ్చారు.

అక్షరాల తప్పొప్పులు దిద్దే ఆ ఉద్యోగం తర్వాత సుందరాచారి పాఠశాలల పర్యవేక్షకుడిగానూ పనిచేశారు. ఒకసారి తనిఖీకి వెళ్లినప్పుడు ఆయన నిరాడంబరమైన వేషం చూసి అక్కడి ఉపాధ్యాయుడు బంట్రోతు అనుకున్నారట. పొరపాటు గ్రహించి ఆ ఉపాధ్యాయుడు క్షమాపణ కోరినా ఆయన మనసు కుదుటపడలేదు. ఆ ఉద్యోగానికి రాజీనామా చేసి బయటికి నడిచారు. అంతటితో నెలనెలా వచ్చే జీతానికీ నీళ్లొదిలారు.

'దీనబంధు' కోసం రాసిన గీతం

1942లో 'దీనబంధు' చిత్రం కోసం సుందరాచారి తెలుగుతల్లిని కీర్తిస్తూ ఒక గీతం రాశారు. అప్పటికి ఆయనకు ముప్పై ఏళ్లు నిండలేదు. ఏ కారణం చేతనైతేనేమి, ఆ గీతాన్ని చిత్రంలో వాడుకోలేదు. సినిమా పాటకు తెరే ఆధారం. తెరకెక్కని పాట సాధారణంగా రాతప్రతిలోనే కన్నుమూస్తుంది. ఈ పాటకు మాత్రం గ్రామఫోను రికార్డు రూపంలో మరో దారి దొరికింది.

రికార్డుల సంస్థ ఆ గీతాన్ని నూట పదహారు రూపాయలకు కొనుక్కున్నదని సాహిత్యాభిమానులు నేటికీ చెప్పుకుంటారు. దాన్ని గానం చేసినవారు టంగుటూరి సూర్యకుమారి. 1925 నవంబరు 13న రాజమండ్రిలో జన్మించిన ఆమె ఆంధ్రకేసరి టంగుటూరి ప్రకాశం పంతులు సోదరుని కుమార్తె. బాల్యంలోనే చిత్రరంగంలో అడుగుపెట్టి, నటిగానూ గాయనిగానూ పేరు తెచ్చుకున్నారు. దేశభక్తి గీతాలకు, లలిత గీతాలకు ఆమె గళం ఆనాడు పెట్టింది పేరు.

ఆనాటి రికార్డు ఒక వైపు తిరిగేది సుమారు మూడు నిమిషాలే. ఆ కాస్త వ్యవధిలోనే పాట శ్రోత మనసులో నాటుకోవాలి. సినిమా కథతోనో, నటీనటుల పేర్లతోనో పని లేకుండా, కేవలం పదాల బలంతోనూ గాయని గళంతోనూ ఈ పాట జనంలోకి వెళ్లింది. విడుదలైన వెంటనే ఊరూవాడా ఊపేసిన సినిమా పాటల కోవలోనిది కాదిది. సభల్లో ఒకరు పాడగా విని మరొకరు నేర్చుకుని, బడిలో ఉపాధ్యాయులు పిల్లలకు చెప్పగా, మెల్లమెల్లగా వ్యాపించింది.

రాష్ట్రం కంటే ముందు పుట్టిన పాట

ఈ గీతం విలువ తెలియాలంటే అది పుట్టిన కాలాన్ని గుర్తుచేసుకోవాలి. 1942లో తెలుగువారికంటూ ప్రత్యేక రాష్ట్రం లేదు. కోస్తా, రాయలసీమ జిల్లాలు మద్రాసు రాష్ట్రంలో ఉన్నాయి. తెలంగాణ నిజాం ఏలుబడిలో ఉంది. 1913లో బాపట్ల ఆంధ్ర మహాసభతో మొదలైన ప్రత్యేక రాష్ట్ర కోరిక అప్పటికి మూడు దశాబ్దాలుగా కోరికగానే మిగిలింది.

అటువంటి సమయంలో సుందరాచారి గోదావరిని, కృష్ణను ఒకే పాటలో పారించారు. అమరావతి శిల్పకళను, త్యాగయ్య సంగీతాన్ని, తిక్కన కవిత్వాన్ని ఒకచోట చేర్చారు. ఓరుగల్లును ఏలిన రుద్రమదేవి పరాక్రమాన్ని, మల్లమ్మ పతిభక్తిని, విజయనగరపు మంత్రి తిమ్మరుసు మేధస్సును, శ్రీకృష్ణదేవరాయల కీర్తిని వరుసగా స్మరించారు. తిక్కనది నెల్లూరు సీమ, త్యాగయ్య జీవించినది కావేరీ తీరం. పాలనాపరంగా వేర్వేరు చోట్ల ఉన్న తెలుగువారి చరిత్రను, ఏ రాజ్యపు సరిహద్దుతోనూ నిమిత్తం లేకుండా ఒక్క దండగా గుచ్చిన గీతమిది. ఇందులో పరభాషపై ద్వేషం గానీ, పొరుగువారిపై నింద గానీ లేదు. ఉన్నదల్లా తల్లిపై మమకారమే. కఠిన సమాసాలు లేని తేలిక మాటలు కావడంతో అక్షరం రానివారి నోటా అది పలికింది.

ఆ పాట తిరుపతి కవి కలం నుంచి రావడంలోనూ ఒక ఔచిత్యం ఉంది. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడక ముందు తిరుపతి ఉత్తర ఆర్కాటు జిల్లాలో ఉండేది. తెలుగు, తమిళం కలిసి వినిపించే సరిహద్దు సీమ ఇది. రాష్ట్ర విభజన వాదనల వేళ తిరుపతి తమకే చెందాలని తమిళ నాయకులు కొందరు కోరారు. పటాస్కర్ తీర్పును అనుసరించి 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి ప్రాంతం మద్రాసు రాష్ట్రంలో చేరింది. తిరుపతి ఆంధ్రప్రదేశ్‌లో నిలిచింది. భాష పేరుతో హద్దులు గీసుకునే రోజులు రాకముందే ఈ సరిహద్దు పట్టణపు కవి భాషను తల్లిగా నిలిపి పాడుకున్నారు.

ముప్పై మూడేళ్ల నిరీక్షణ

పొట్టి శ్రీరాములు ఆత్మార్పణం అనంతరం 1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. సూర్యకుమారి పెదతండ్రి ప్రకాశం పంతులే దానికి తొలి ముఖ్యమంత్రి. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ అవతరించింది. పాట పాడుకున్న తెలుగు నేలకు రాష్ట్రమైతే వచ్చింది గానీ, ఆ పాటకు అధికారిక గౌరవం రావడానికి మరో రెండు దశాబ్దాలు పట్టింది.

1975 ఏప్రిల్‌లో హైదరాబాదులో ప్రథమ ప్రపంచ తెలుగు మహాసభలు జరిగాయి. జలగం వెంగళరావు అప్పటి ముఖ్యమంత్రి. విద్యామంత్రి మండలి వెంకటకృష్ణారావు ఆ సభల నిర్వహణకు ప్రధాన సారథి. దేశవిదేశాల నుంచి తెలుగువారు తరలివచ్చిన ఆ సందర్భంలోనే సుందరాచారి గీతానికి రాష్ట్ర గీతం హోదా లభించింది. సినిమా వద్దనుకున్న పాటను ముప్పై మూడేళ్ల తర్వాత ఒక జాతి తన పాటగా స్వీకరించింది.

జాతి గీతాలకు ఇటువంటి నిరీక్షణ కొత్త కాదు. 1911 డిసెంబరులో కలకత్తా కాంగ్రెసు సభలో తొలిసారి వినిపించిన 'జనగణమన' 1950 జనవరిలో గానీ జాతీయ గీతం కాలేదు. అందెశ్రీ రచించిన 'జయ జయహే తెలంగాణ' ఉద్యమకాలంలోనే ప్రజల నోట నిలిచినా, 2024లో రాష్ట్ర గీతమైంది. ఇటువంటి పాటలకు తొలినాటి అమ్మకాలు కొలబద్ద కావు. ప్రజలకు వాటి అవసరం కలిగిన నాడే వాటి విలువ తేలుతుంది.

తేటగీతి కవి

ఒక్క పాటతోనే సుందరాచారిని గుర్తుంచుకోవడం ఆయనకు సగం న్యాయమే. 'ప్రసన్న కవి'గా పేరొందిన ఆయనకు తేటగీతి ప్రాణప్రదమైన ఛందస్సు. పాదానికి ఒక సూర్యగణం, రెండు ఇంద్రగణాలు, మళ్లీ రెండు సూర్యగణాలు ఉండే ఈ పద్యానికి ప్రాస నియమం లేదు. అందువల్ల మాట్లాడే మాటకు దగ్గరగా నడుస్తుంది. పండితుడికీ పామరుడికీ ఒకేలా అర్థం కావాలనుకున్న కవికి ఇది సహజమైన ఎంపిక.

'సుందర రామాయణం', 'సుందర భారతం' ఆయన పెద్ద రచనలు. తిరుమలేశునిపై 'శ్రీనివాస శతకం' చెప్పారు. బుద్ధుని చరిత్రను 'బుద్ధగీతి'గా మలిచారు. గాంధీజీ మరణించినప్పుడు 'బలిదానం' కావ్యం రాశారు. 'సుందర సుధా బిందువులు' పేరిట భావగీతాలు వెలువరించారు. జోలపాటలు, పల్లెపదాలు, స్థలపురాణాలు కూడా రాశారు. నిత్యవిధులు వద్దని ఇల్లు విడిచిన యువకుడే రామకథను, శ్రీనివాసుని స్తుతిని పద్యాలుగా కూర్చడం ఆయన వ్యక్తిత్వంలోని మరో కోణం. ఆయన ఎదిరించింది బలవంతపు ఆచారాన్నే తప్ప భక్తిని కాదని ఈ రచనలు తెలుపుతున్నాయి.

ఆదుకోని కీర్తి

అమాయకత్వం, భోళాతనం సుందరాచారికి పెట్టని ఆభరణాలు. డబ్బు కూడబెట్టడం తెలియదు. చేతికి వచ్చినది వచ్చినట్టే ఖర్చయ్యేది. ఊరూరా తిరుగుతూ మిత్రుల ఇళ్లలో కాలం గడిపేవారు. సంతానం లేదు. భార్య అనారోగ్యం ఆయనను మరింత కుంగదీసింది. స్థిరమైన కొలువు లేక, ఆస్తి లేక, చివరి రోజుల్లో దుర్భర దారిద్ర్యం అనుభవించారు. రాష్ట్రమంతటా తన పాటతో సభలు మొదలవుతున్న వేళ, దాని కర్తకు పూట గడవడమే కష్టమైంది. రాష్ట్ర గీతం హోదా వచ్చిన రెండేళ్లకు, 1977 ఏప్రిల్ 8న, పుట్టిన ఊరు తిరుపతిలోనే ఆయన కన్నుమూశారు. అప్పటికి ఆయన వయసు 62 ఏళ్లు.

గాయని సూర్యకుమారి లండన్‌లో స్థిరపడి, భారతీయ కళలకు అక్కడ ప్రాచుర్యం కల్పిస్తూ 2005 ఏప్రిల్ 25న అక్కడే మరణించారు. కవి, గాయని ఇద్దరూ వెళ్లిపోయినా పాట మాత్రం ఆగలేదు.

కవి శతజయంతి సంవత్సరమైన 2014లోనే, జూన్ 2న, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ రెండు రాష్ట్రాలైంది. తెలంగాణ తన గీతాన్ని తాను ఎంచుకుంది. ఆంధ్రప్రదేశ్‌లో సుందరాచారి పాట రాష్ట్ర గీతంగా కొనసాగుతోంది. రాష్ట్రాలు ఏర్పడక ముందు పుట్టిన ఆ పాట, హద్దులు మారాకా వినిపిస్తూనే ఉంది. రుద్రమను, రాయలను ఒకే దండలో గుచ్చిన కవి ఊహకు ఏ విభజనా అడ్డు కాలేదు.

తిరుపతిలో తిరుచానూరు రోడ్డులో సుందరాచారి విగ్రహం నెలకొల్పారు. ఆ కూడలిని ఆయన ఇంటిపేరుతోనే శంకరంబాడి సర్కిల్‌గా పిలుస్తున్నారు. ఎన్నో వాహనాలు ఆ విగ్రహాన్ని దాటి వెళుతుంటాయి. వాటిలో బడికి వెళ్లే పిల్లలూ ఉంటారు. ప్రార్థనలో పాడే పాటకూ, దారిలో కనిపించే విగ్రహానికీ ఉన్న సంబంధాన్ని ఆ పిల్లలకు తెలియజెప్పడమే నూట పదహారు రూపాయలతో సరిపెట్టిన కవి రుణాన్ని కొంతైనా తీర్చుకోవడం.