రోజర్ స్పెర్రీ: రెండు సగాలు, ఒక్క మనసు

మన ఇళ్లలో అబ్బాయి లెక్కల్లో చురుకుగా ఉంటే వాడిది ఎడమ మెదడనీ, అమ్మాయి బొమ్మలు వేస్తూనో కూచిపూడి నేర్చుకుంటూనో ఉంటే ఆమెది కుడి మెదడనీ తేల్చేయడం పరిపాటి అయింది. ఈ మాటలకు ఆధారంగా అందరూ చెప్పే పేరు రోజర్ స్పెర్రీ. ఆయన కనిపెట్టినది ఒకటి, లోకంలో ప్రచారమైనది మరొకటి. అందుకే ఆ మహనీయుని జీవితాన్ని మన కుటుంబాలకు క్లుప్తంగా పరిచయం చేయదలచాము.

స్పెర్రీ 1913 ఆగస్టు 20న కనెక్టికట్ రాష్ట్రంలోని హార్ట్‌ఫర్డ్‌లో జన్మించారు. పదకొండో యేట తండ్రి పోయారు. తల్లి ఒక హైస్కూలు ప్రిన్సిపాలుకు సహాయకురాలిగా పనిచేస్తూ సంసారం ఈడ్చుకొచ్చింది. ఒహాయోలోని ఓబర్లిన్ కాలేజీలో ఆయన 1935లో పట్టా పుచ్చుకున్నది ఇంగ్లీషు సాహిత్యంలో. బాస్కెట్‌బాల్ జట్టుకు నాయకుడు కూడా. ఆ తరువాత మనసు మనస్తత్వశాస్త్రం మీదికి మళ్లింది. 1941లో షికాగో విశ్వవిద్యాలయం నుంచి జంతుశాస్త్రంలో డాక్టరేటు పొందారు. సాహిత్యంతో మొదలైన చదువు శాస్త్రానికి అడ్డు రాలేదు.

నరాలన్నీ ఒక్కలాంటివేననీ, ఏ నరం ఏ పని చేయాలో అనుభవమే నేర్పుతుందనీ ఆనాటి పండితులలో చాలామంది నమ్మేవారు. స్పెర్రీ కప్పల మీద ప్రయోగాలు చేశారు. కంటి నరాన్ని కోసి, కంటిని తలకిందులుగా తిప్పి అమర్చారు. కప్పకు ఆ నరం మళ్లీ పెరుగుతుంది. చూపు వచ్చింది గాని పైన వాలిన ఈగ కోసం కప్ప కిందికి దూకేది. ఎన్నాళ్లు గడిచినా ఆ పొరపాటు దిద్దుకోలేకపోయింది. తెగిన ప్రతి నరపు పోగూ మెదడులో తన పాత చోటునే వెతుక్కుని చేరుతుందని దీనివల్ల తేలింది.

1954లో ఆయన పాసడీనాలోని కాల్‌టెక్‌లో ఆచార్యులుగా చేరారు. మన మెదడు రెండు సగాలు. వాటిని కలిపే వంతెనలో దాదాపు 20 కోట్ల నరపు పోగులు ఉన్నాయి. మనం ఎదుట ఒక చుక్కను చూస్తూ ఉంటే, దానికి ఎడమవైపు ఉన్న దృశ్యం కుడి సగానికీ, కుడివైపుది ఎడమ సగానికీ చేరుతుంది. మాట్లాడే శక్తి చాలామందిలో ఎడమ సగానిది. వంతెన మీదుగా రాకపోకలు నిరంతరం జరుగుతూ ఉంటాయి కనుక ఈ విభజన మనకు తెలియనే తెలియదు.

1962లో లాస్ ఏంజిలిస్ వైద్యులు ఫిలిప్ వోగెల్, జోసెఫ్ బోగెన్, మందులకు లొంగని మూర్ఛవ్యాధి ఉన్న ఒక రోగికి ఆ వంతెనను కోశారు. తరువాత మరికొందరికీ ఆ శస్త్రచికిత్స జరిగింది. స్పెర్రీ, ఆయన శిష్యుడు మైకేల్ గజానిగా ఈ రోగులను పరీక్షించారు. చుక్కకు ఎడమవైపున ఒక వస్తువు బొమ్మను రెప్పపాటు చూపి, ఏం కనిపించిందని అడిగితే, ఏమీ లేదనేవారు. కాని తెర వెనుక ఉంచిన వస్తువులలోంచి వారి ఎడమ చేయి తడిమి సరిగ్గా ఆ వస్తువునే తీసేది! చూసినది కుడి సగం, జవాబు చెప్పినది ఎడమ సగం. చూసి గ్రహించడం వేరు, గ్రహించినదాన్ని మాటల్లో పెట్టడం వేరు అని రుజువైంది. మూగదనీ తక్కువదనీ అనుకున్న కుడి సగం ఆకారాలను పోల్చడంలో, అమర్చడంలో మేటి అని కూడా తేలింది.

1981లో ఆయనకు నోబెల్ బహుమతిలో సగం లభించింది. మిగతా సగాన్ని మెదడు దృశ్యాన్ని ఎలా విశ్లేషిస్తుందో కనుగొన్న హ్యూబెల్, వీజెల్ పంచుకున్నారు. అప్పటికే మనుషులను కుడివారు, ఎడమవారు అని విడదీసే వాదం పత్రికలకెక్కింది. ఈ విషయంలో ఊహలు అతి సులువుగా హద్దు మీరిపోతాయని ఆయన తన నోబెల్ ఉపన్యాసంలోనే హెచ్చరించారు. ఆ ప్రయోగాలు వంతెన తెగినవారి మీద చేసినవి. వంతెన ఉన్న మనలో రెండు సగాలూ కలిసే పనిచేస్తాయి. కీర్తన పాడే బిడ్డకు సాహిత్యమూ కావాలి, స్వరమూ కావాలి, తాళం లెక్కా తప్పకూడదు.

1994 ఏప్రిల్ 17న కన్నుమూసిన స్పెర్రీ శిలాజాలు సేకరించేవారు, శిల్పాలు చెక్కేవారు, జానపద నృత్యాలు చేసేవారు. ఆయనను ఏ సగంలో వేద్దాం? ఈ ఉత్సవంలో గజ్జె కట్టే పిల్లలలో రేపు ప్రయోగశాలకు వెళ్లేవారూ ఉంటారు, లెక్కల పోటీలలో గెలిచేవారిలో కవులూ ఉంటారు. పదేళ్ల వయసులోనే వారి మీద ఒక ముద్ర వేసి, రెండో తలుపు మూయవద్దని తల్లిదండ్రులను కోరుతున్నాము.