తప్పులు ఏరేసి తాళం తీశాడు

ఫోన్లో తాళం తెరిచే పజిల్ గేమ్ మీరూ ఆడే ఉంటారు. నాలుగంకెల కోడ్ కనిపెట్టాలి. మీరు కొట్టిన అంకె సరైన చోట ఉందా, చోటు మారిందా, అసలు లేనే లేదా.. అంతవరకే గేమ్ చెబుతుంది. మొదట్లో అందరం గుడ్డిగా కొడతాం. నాలుగైదు ఆటలయ్యాక అర్థమవుతుంది, కాదని తేలిన ప్రతి అంకే మనకు లాభమని. పదివేల కోడ్‌లున్న ఆటను పది ప్రయత్నాల్లోపే ముగించేది ఆ లెక్కతోనే. 159 పక్కన 18 సున్నాలు పెడితే ఎంతో, అన్ని అమరికలున్న తాళం మీద ఇదే పని చేశారు అలన్ ట్యూరింగ్.

ఆయన 1912 జూన్ 23న లండన్‌లో పుట్టారు. తండ్రి జూలియస్ ఐసీఎస్ అధికారి, కొలువు మద్రాసు ప్రెసిడెన్సీలో. పార్వతీపురం, కర్నూలు, బెజవాడ.. ఇవన్నీ ఆయన పనిచేసిన ఊళ్లే! పిల్లలు మాత్రం ఇంగ్లండ్‌లో వేరేవాళ్ల ఇంట్లో పెరిగారు. బడిలో ట్యూరింగ్ చేతిరాత చూసి టీచర్లు తలపట్టుకునేవారు. 13 ఏళ్లప్పుడు కొత్త స్కూల్లో చేరాల్సిన రోజుల్లోనే సమ్మె, రైళ్లు లేవు. సైకిలెక్కి దాదాపు 60 మైళ్లు తొక్కుకుంటూ వెళ్లిపోయారు. కేంబ్రిడ్జిలో గణితం చదివి, 1936లో కంప్యూటర్ సైన్స్‌కు పునాది లాంటి పేపర్ రాశారు.

1939 సెప్టెంబరులో బ్రిటన్ యుద్ధం ప్రకటించిన మర్నాడే బ్లెచ్లీ పార్క్‌లో డ్యూటీలో చేరారు. ఎదురుగా ఉన్న తాళం జర్మన్ సైన్యం వాడే ఎనిగ్మా. చూడ్డానికి టైప్‌రైటర్‌లా ఉంటుంది. ఒక మీట నొక్కితే వేరే అక్షరం వెలుగుతుంది, నొక్కిన ప్రతిసారీ లోపల చక్రం తిరుగుతుంది. అందుకే అదే మీట మళ్లీ నొక్కినా అదే అక్షరం రావాలని లేదు. పైగా అమరిక రోజూ మారుతుంది. అంటే ఈరోజు గెలిచినా రేపు ఆట మళ్లీ మొదటికే. పోలండ్ గణితవేత్తలు దీన్ని 1932లోనే ఛేదించి, యుద్ధానికి ముందు తమకు తెలిసిందంతా బ్రిటన్‌కు అప్పగించారు. సినిమాల్లో వాళ్ల పేరు పెద్దగా వినిపించదు, అది అన్యాయమే.

ఎనిగ్మాలో ఒక లోపం ఉంది. ఏ అక్షరమూ తనలాగే బయటికి రాదు. జర్మన్లు రోజూ వాతావరణ సమాచారం పంపేవారు కాబట్టి ఆ మాట సందేశంలో ఎక్కడో ఉంటుంది. దాన్ని రహస్య సందేశం కింద ఒక్కో అక్షరం జరుపుతూ పెట్టి చూడాలి. పైనా కిందా ఒకే అక్షరం పడిందా, అక్కడ ఆ మాట లేనట్టే. మిగిలిన చోట్ల సంగతి తేల్చడానికి ట్యూరింగ్ బాంబ్ అనే యంత్రాన్ని రూపొందించారు. అది సరైన అమరికను వెతకదు, తప్పులను వెతుకుతుంది. ఒక ఊహతో మొదలై గొలుసుకట్టుగా వెళ్తుంది. చివరికి పొంతన కుదరకపోతే ఆ ఊహే కాదు, దారిలో తగిలినవన్నీ పోతాయి. రీజనింగ్ పేపర్లో సీటింగ్ అరేంజ్‌మెంట్ చేసేటప్పుడు మీరు చేసేదీ ఇదే కదా! మొదటి యంత్రం 1940 మార్చిలో వచ్చింది. గోర్డన్ వెల్చ్‌మన్ చేసిన మార్పుతో దాని వేగం బాగా పెరిగింది.

అక్కడి కొలువుల తీరూ విచిత్రమే. 1942 జనవరిలో ఓ పత్రిక 12 నిమిషాల్లో క్రాస్‌వర్డ్ పూర్తిచేసే పోటీ పెట్టింది. ఆ తర్వాత కొందరికి ఉత్తరాలొచ్చాయి, ఉద్యోగానికి రమ్మని. ట్యూరింగ్ బృందంలోని జోన్ క్లార్క్‌ను మొదట గుమాస్తా జీతానికి తీసుకున్నారు. పై హోదా మహిళలకు లేకపోవడంతో లింగ్విస్ట్‌గా చూపించి జీతం పెంచారు. ఫారంలో విదేశీ భాషలు ఏవీ రావని రాయడం ఆమెకు సరదా! సిబ్బంది చాలక పని ఆగిపోతుంటే ట్యూరింగ్, మరో ముగ్గురు పైఅధికారులను దాటి నేరుగా ప్రధాని చర్చిల్‌కే ఉత్తరం రాశారు. మనుషులొచ్చారు.

ఇంత చేసినా యుద్ధం తర్వాత ఎవరికీ చెప్పుకునే వీల్లేదు, అంతా రహస్యం. 1952లో స్వలింగ సంబంధం నేరమని కోర్టు శిక్ష వేసింది. జైలు వద్దంటే హార్మోన్ మందులు తీసుకోవాలి. ఆయన మందులే ఎంచుకున్నారు. ప్రభుత్వ రహస్య పనికీ దూరం పెట్టారు. 1954 జూన్ 7న 41 ఏళ్లకే సైనైడ్‌తో చనిపోయారు. ఆత్మహత్యేనని విచారణలో తేల్చారు. రాణి క్షమాభిక్ష వచ్చింది 2013లో.

2021లో ఆయన పుట్టినరోజునే బ్రిటన్ 50 పౌండ్ల నోటు మీదికి ఆయన బొమ్మ వచ్చింది. పక్కనే 0, 1లతో ఒక కాగితం పట్టీ ఉంటుంది. బైనరీ తెలిసినవాళ్లు దాన్ని విప్పితే 23061912 వస్తుంది.