వలస పక్షుల నెలవులకు అండగా సలీం అలీ

సూళ్లూరుపేట: చలికాలం వచ్చిందంటే పులికాట్ సరస్సు, నేలపట్టు చెరువు పక్షుల కోలాహలంతో నిండిపోతాయి. టిబెట్, మంగోలియాల నుంచి హిమాలయాలను దాటి దక్షిణాది జలాశయాలకు చేరే పట్టెతల పెద్దబాతులు ఈ కాలపు అతిథులే. ఇటువంటి పక్షులు ఎక్కడి నుంచి వస్తాయి, వాటికి ఎటువంటి నెలవు కావాలి అన్న ప్రశ్నలకు దేశంలో శాస్త్రీయంగా సమాధానం వెదికినవారిలో అగ్రగణ్యుడు సలీం అలీ. ఆయన జయంతి అయిన నవంబరు 12ను జాతీయ పక్షి వీక్షణ దినంగా జరుపుకొంటున్నారు.

వేట నుంచి పరిశోధనకు

1896లో బొంబాయిలో జన్మించిన సలీం అలీ పసితనంలోనే తల్లిదండ్రులను కోల్పోయి మేనమామ ఇంట పెరిగారు. బాల్యంలో వేటపై మక్కువ ఎక్కువ. 1908లో తాను కొట్టిన పిచ్చుక మెడపై పసుపు మచ్చ కనిపించగా, అది ఏ జాతిదో తెలుసుకొనేందుకు బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ గడప తొక్కారు. అక్కడి కార్యదర్శి మిల్లార్డ్ చూపిన పక్షుల నమూనాలు ఆ బాలుని జీవితాన్నే మలుపు తిప్పాయి.

విశ్వవిద్యాలయ పట్టా లేనందున కోరుకున్న ఉద్యోగం లభించలేదు. అయినా వెనుకంజ వేయక, బెర్లిన్‌లో ఆచార్య స్ట్రెస్‌మాన్ వద్ద శిక్షణ పొందారు. 1931లో నిజాం సంస్థానంలో పక్షుల సర్వేకు పూనుకున్నారు. అడవుల్లో గుడారాల జీవితంలో ఆయనకు తోడునీడగా నిలిచిన భార్య తెహమీనా 1939లో కన్నుమూశారు. ఆ దుఃఖాన్ని దిగమింగి 1941లో భారతీయ పక్షులపై వెలువరించిన గ్రంథం సామాన్యులకు సైతం పక్షి వీక్షణను నేర్పింది.

భరత్‌పూర్ పాఠం

రాజస్థాన్‌లోని భరత్‌పూర్ చిత్తడి నేల ఒకప్పుడు రాజుల వేటస్థలం. 1938 నవంబరు 12న వైస్రాయ్ లిన్‌లిత్‌గో బృందం అక్కడ ఒక్కరోజులో 4,273 పక్షులను నేలకూల్చింది. అటువంటి చోట వేటకు తెరపడి, అది పక్షుల ఆశ్రయంగా మారడంలో సలీం అలీ కృషి ఎనలేనిది. 1959లో ప్రపంచ ఆరోగ్య సంస్థ తోడ్పాటుతో మొదలైన పథకం కింద వేలాది పక్షుల కాళ్లకు ఉంగరాలు తొడిగి వలస దారులను గుర్తించే కార్యక్రమానికి ఆయన సారథ్యం వహించారు.

అయితే ఆయన సలహాలన్నీ సత్ఫలితాలనే ఇవ్వలేదు. పశువుల మేత పక్షులకు చేటని ఆయన భావించారు. 1982లో భరత్‌పూర్‌లో మేతను నిషేధించగా ఘర్షణ చెలరేగి, పోలీసు కాల్పుల్లో పలువురు గ్రామస్థులు అసువులు బాశారు. పశువులు లేకపోవడంతో గడ్డి పెరిగి నీటిని కమ్మేసిందని, నీటి పక్షులకు అది నష్టమని ఆయన సొసైటీ పరిశోధకులే తర్వాత తేల్చారు. స్థానికులను దూరం చేసే సంరక్షణ నిలవదన్నది ఆ ఉదంతం నేర్పిన పాఠం.

సీమతో అనుబంధం

దాదాపు శతాబ్దం పాటు కనుమరుగైన కలివికోడి 1986 జనవరిలో కడప జిల్లా లంకమల ప్రాంతంలో తిరిగి వెలుగుచూసింది. ఆ ఘనత సొసైటీ పరిశోధకులది, స్థానికులది కూడా. జీవిత చరమాంకంలో సలీం అలీకి అందిన తీపి కబురు అది. పద్మభూషణ్, పద్మవిభూషణ్ పురస్కారాలు పొంది, 1985లో రాజ్యసభకు నామినేట్ అయిన ఆయన 1987 జూన్ 20న తుదిశ్వాస విడిచారు.

1976లో అభయారణ్యాలుగా ప్రకటితమైన పులికాట్, నేలపట్టు 2022లో తిరుపతి జిల్లా పరిధిలోకి వచ్చాయి. నేలపట్టులో పక్షుల రెట్టలు కలిసిన చెరువు నీరు పొలాలకు బలమని రైతులు గూడబాతులను కాపాడుకుంటూ వస్తున్నారు. పులికాట్‌లో ముఖద్వారాలు ఇసుకతో పూడితే పక్షులకూ, మత్స్యకారులకూ కలిగే నష్టం ఒక్కటే. సముద్రపు నీరు సరస్సులోకి రావాలి, చేప పెరగాలి, జాలరి బతకాలి. అప్పుడే ఆకాశాన వచ్చే అతిథులకూ ఇక్కడ చోటు మిగులుతుంది.