యల్లాప్రగడ సుబ్బారావు

మిర్యాలగూడ బియ్యపు మిల్లులో బస్తానెత్తు కూలివాని భుజమునకును, కోదాడ పొలముగట్లపై నాగలి మోయు రైతు కాలికిని, సూర్యాపేట వీధిలో పరుగెత్తు బాలుని గుండెకును సత్తువ యొక్క తీరుననే చేకూరుచున్నది. కండరములలో ఆ సత్తువ యే రూపమున నిలువయుండునో కనుగొన్నవారిలో ఒక తెలుగువాడు కలడు. ఆయనయే యల్లాప్రగడ సుబ్బారావు.

సుబ్బారావు 1895 జనవరి 12వ తేదీన భీమవరమున ఒక పేదకుటుంబమున జన్మించెను. బాల్యమున చదువుపై మనసు నిలువలేదు. కాశికి పోయి యాత్రికులకు అరటిపండ్లమ్మి ధనవంతుడు కావలెనని ఇల్లు విడిచి పారిపోగా, తల్లి వెంకమ్మ వెనుకకు రప్పించి మరల బడికి పంపెను. మెట్రిక్యులేషను పరీక్షలో రెండుమారులు తప్పి, మూడవమారు మద్రాసు హిందూ హైస్కూలునుండి కృతార్థుడయ్యెను.

మద్రాసు వైద్యకళాశాలలో చదువునపుడు ఆయన ఖద్దరు ధరించెను. అది ఆంగ్లేయుడగు శస్త్రవైద్యాచార్యునికి రుచింపలేదు. తత్ఫలితముగా ఎం.బి.బి.ఎస్. పట్టమునకు బదులు దానికంటె తక్కువదియగు ఎల్.ఎం.ఎస్. మాత్రమే లభించెను. ఆ కాలముననే సోదరు లిరువురు గ్రహణివ్యాధిచే కొద్దిదినముల యెడముతో మరణించిరి. వైద్యులకు మందు తెలియని వ్యాధులపై పరిశోధన చేయవలెనను పట్టుదల ఆయనకు కలిగెను. మామగారి సాయముతోను, మల్లాడి సత్యలింగనాయకర్ ధర్మసంస్థ విరాళముతోను 1923లో అమెరికాలోని బోస్టను నగరము చేరెను. భార్య శేషగిరి స్వదేశముననే యుండిపోయెను. ఆయన మరల తిరిగిరాలేదు.

పరదేశమున పగలు హార్వర్డు విశ్వవిద్యాలయమున చదువు. రాత్రులు ఆసుపత్రిలో రోగుల పాత్రలు కడుగు పని. పిదప సైరస్ ఫిస్క్ అను ఆచార్యునితో చేరి, రక్తములోని భాస్వరమును కొలుచు పద్ధతి నొకదానిని 1925లో ప్రకటించెను. ద్రావకమున నీలిరంగు ఎంత గాఢముగా పుట్టునో భాస్వర మంత యున్నదని లెక్క. ఆ పద్ధతిని కండరములపై ప్రయోగింపగా ఒక వింత కనబడెను. రంగు వెంటనే పూర్తిగా తేలక, మెల్లమెల్లగా చిక్కబడుచుండెను. మరియొకడైనచో పరీక్ష చెడినదని దానిని పారబోసి యుండును. వీరిరువురు పట్టు విడువక వెదకి, కండరములో భాస్వరము క్రియాటిన్ అను పదార్థముతో కూడియుండి క్రమముగా విడివడుచున్నదని తెలిసికొనిరి. కండరము పనిచేసినపుడు ఆ ఫాస్ఫోక్రియాటిన్ తరుగును. విశ్రమించినపుడు మరల పెరుగును. ఇది 1927లో ప్రకటింపబడెను. 1929లో అడినోసిన్ ట్రైఫాస్ఫేట్, అనగా ఏ.టి.పి., కూడ వీరికి దొరకెను. అదే సంవత్సరమున జర్మనీలో లోమన్ అను శాస్త్రజ్ఞుడును దానిని వేరుగా కనుగొనెను. లాక్టిక్ ఆమ్లమే కండరశక్తికి మూలమని అంతవరకు పండితులు నమ్మియుండిరి. కండరమును గూర్చిన పరిశోధనకై 1922వ సంవత్సరపు నోబెల్ బహుమానమునుకూడ పొందిన హిల్, మేయర్‌హోఫ్ ల సిద్ధాంతము దీనితో తలక్రిందులయ్యెను.

ఏ.టి.పి. చేతిలోని చిల్లర వంటిది. ఫాస్ఫోక్రియాటిన్ మొలలో దోపుకొన్న సంచి. క్రొవ్వు, చక్కెర గాదెలోని ధాన్యము. గుండె క్షణమైనను విశ్రమింపదు గనుక దానికి ఖర్చెక్కువ, నిలువ తక్కువ. రక్తనాళము పూడి ప్రాణవాయువు అందనిచో ముందు సంచి ఖాళీయగును. పిదప చిల్లరయు తరుగును. కొద్దిసేపటికే కండరపు బలము సన్నగిలును. ఆలస్యమైనచో కణములు చచ్చును.

ఇంత చేసినను హార్వర్డులో ఆయనకు స్థిరమైన ఆచార్యపదవి దొరకలేదు. 1940లో లెడర్లీ సంస్థలో చేరి ఫోలిక్ ఆమ్లము, బోదకాలు వ్యాధికి హెట్రజాన్, ఆరియోమైసిన్ మున్నగు మందులు వెలువడుటకు కారకుడయ్యెను. 1948 ఆగస్టులో, ఏబది మూడవయేట, న్యూయార్కు ప్రాంతమున నిద్రలోనే ఆయన గుండె ఆగిపోయెను. కండరములోని సత్తువను తూచిన మనిషికి ఇట్టి మృత్యువు వచ్చుట విచిత్రమే.

తరువాతి వైద్యులు రక్తమందని గుండెకు సత్తువ నిచ్చు మార్గములు వెదకిరి. 1962లో మెక్సికో దేశపు సోడి-పల్లారెస్ గ్లూకోజు, ఇన్సులిను, పొటాషియము కలిపిన ద్రావకమును ఎక్కింపవచ్చునని తెలిపెను. కాని 2005లో వెలువడిన, ఇరువది వేలకు పైగా రోగులపై జరిగిన పరీక్షలో దానివలన మరణములు తగ్గలేదు. క్రొవ్వుకు బదులు చక్కెరను వాడునట్లు చేసి, తక్కువ ప్రాణవాయువుతోనే గుండెను నడుపుటకై ట్రైమెటాజిడిన్ అను మందు గుండెనొప్పి కలవారి కిచ్చుచున్నారు. అయినను పూడిన నాళమును తెరచుటయే ముఖ్యచికిత్స. శస్త్రచికిత్సకై గుండెను కొంతసేపు ఆపునపుడు కొన్ని దేశములలో అందుకు వాడు ద్రావకమున ఫాస్ఫోక్రియాటిన్ కలుపుచున్నారు. బోస్టను ప్రయోగశాలలో నాడు నీలిరంగును ఆలస్యము చేసిన పదార్థ మదియే.