లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్‌కు బూర ఇచ్చిన సారు

మన స్కూలు బ్యాండులో నేను ఇత్తడి తాళాలు కొడతానని మీ అందరికీ తెలుసు. నిజం చెప్పాలంటే నాకు బ్యూగిల్ ఊదాలని ఆశ. సారు నా చేతికి తాళాలిచ్చిన రోజు రాత్రి నేను అలిగి అన్నం తినకుండా పడుకున్నాను. ఆ అలకలో ఉన్నప్పుడే లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ జీవితం చదివాను. చదివినంక నా అలక పోయింది. దానితోపాటు నా తప్పొకటి నాకు తెలిసింది. అది చివర్లో చెబుతాను.

ఆర్మ్‌స్ట్రాంగ్ అనగానే చంద్రుని మీద కాలుపెట్టిన నీల్ ఆర్మ్‌స్ట్రాంగ్ అనుకోకండి. ఈయన వేరు. ఈయన బూర ఊది ప్రపంచమంతా పేరు తెచ్చుకున్న సంగీత కళాకారుడు. జాజ్ అనే సంగీతానికి ఈయనే పెద్దదిక్కు.

లూయీ అమెరికా దేశంలో న్యూ ఆర్లీన్స్ నగరంలో, నల్లజాతివాళ్లు ఉండే ఒక పేదవాడలో పుట్టాడు. తాను 1900 జూలై 4న పుట్టానని ఆయన బతికినన్నాళ్లు చెప్పుకున్నారు. చనిపోయిన తర్వాత చర్చి రిజిస్టరులో చూస్తే 1901 ఆగస్టు 4 అని ఉంది. మనలో చాలామందికి బడిలో చేరినప్పుడు సారు రాసిన జూన్ నెలే పుట్టినరోజు కదా, అందుకని ఈ సంగతి చదివి నాకు నవ్వొచ్చింది.

తండ్రి చిన్నప్పుడే ఇల్లు విడిచిపోయాడు. కొన్నేళ్లు నానమ్మ, తర్వాత అమ్మ సాకారు. లూయీ పాత గుడ్డలు, సీసాలు ఏరే బండి వెంట తిరిగాడు. బొగ్గులు అమ్మాడు. ముగ్గురు దోస్తులతో కలిసి వీధిలో పాటలు పాడి పైసలు అడుక్కున్నాడు. బడి మధ్యలోనే ఆగిపోయింది.

1912 డిసెంబరు 31 రాత్రి కొత్త సంవత్సరం సంబరాల్లో ఇంట్లో ఉన్న పిస్తోలు తీసుకెళ్లి గాలిలో పేల్చాడు. ఎవరికీ దెబ్బ తగల్లేదు. అయినా పోలీసులు పట్టుకున్నారు. మరునాడే జడ్జి అతన్ని నల్లజాతి పిల్లల కోసం పెట్టిన వెయిఫ్స్ హోమ్‌కు పంపించారు. అప్పటికి అతనికి పదకొండేళ్లు.

ఆ హోమ్ కూడా మన హాస్టల్ వంటిదే, కాకపోతే ఇంకా కఠినం. జోసెఫ్ జోన్స్ అనే కెప్టెన్ గారు దాన్ని సైన్యం పద్ధతిలో నడిపేవారు. నిద్ర లేవడానికి బ్యూగిల్, తిండికి బ్యూగిల్, పడుకోవడానికి బ్యూగిల్. చెక్క తుపాకులతో కవాతు. వచ్చిన కొత్తలో లూయీ దిగులుతో అన్నం ముట్టలేదు. ఆకలి ఓర్చుకోలేక తర్వాత తనే వెళ్లి తిన్నాడు.

అక్కడ ఒక బ్యాండు ఉండేది. దాన్ని నేర్పేవారు పీటర్ డేవిస్ గారు. లూయీ రోజూ వచ్చి దూరంగా నిలబడి ఆ బ్యాండు వినేవాడు. కానీ డేవిస్ గారికి లూయీ అంటే గిట్టలేదు. ఎందుకంటే అతను వచ్చిన వాడ మంచిది కాదని పేరు. తాగుడు, జూదం, కొట్లాటలు అక్కడే ఎక్కువ. ఆ వాడ పిల్లలంతా ఒక్కటే అని ఆయన నమ్మకం. లూయీని కసిరేవారు, చిన్న తప్పుకు చేతుల మీద కొట్టేవారు. సారును చూస్తేనే పిల్లవాడికి భయం.

కొన్నాళ్లు గడిచాయి. లూయీ ఎదురు చెప్పలేదు, పని ఎగ్గొట్టలేదు. డేవిస్ గారు గమనించారు. ఒకరోజు ఆయనే వచ్చి బ్యాండులో చేరతావా అని అడిగారు. లూయీకి నోట మాట రాలేదు. అతని మనసంతా కార్నెట్ మీద ఉంది. కార్నెట్ అంటే మూడు మీటలున్న పొట్టి ఇత్తడి బూర. కానీ సారు చేతిలో పెట్టింది టాంబరిన్! మన డప్పు కన్నా చిన్నగా ఉండి, చుట్టూ గలగలమనే రేకులుంటాయి. లూయీ అలగలేదు (నాలాగా కాదు). తాళం తప్పకుండా వాయించాడు. అది చూసి సారు డ్రమ్ము ఇచ్చారు.

తర్వాత ఆల్టో హార్న్ ఇచ్చారు. అది పాటను వాయించదు, పాట పక్కన జత స్వరం పలుకుతుంది. వీధిలో దోస్తులతో గొంతు కలిపి పాడిన అలవాటు ఉంది కాబట్టి లూయీ తన స్వరాన్ని చెవితోనే పట్టుకున్నాడు. ఇంతలో బ్యూగిల్ ఊదే అబ్బాయి ఇంటికి వెళ్లిపోయాడు. ఆ పని లూయీకి వచ్చింది. చిలుము పట్టి పచ్చగా ఉన్న బ్యూగిల్‌ను తళతళ మెరిసేదాకా తోమాడు. బ్యూగిల్‌కు మీటలుండవు, పెదవులు బిగించి వదలడంతోనే స్వరం మార్చాలి. ఆ తర్వాతే కార్నెట్ చేతికొచ్చింది. చివరికి బ్యాండు లీడరే అయ్యాడు.

ఇప్పుడు ఆలోచించండి. ముందు తాళం, తర్వాత పక్కవాని స్వరం వినడం, ఆ తర్వాత పెదవుల బలం, చివరికి పాట. ఒక్కో మెట్టు ఎక్కించినట్టే ఉంది కదా! గబగబా వాయించడం కన్నా ఊదిన స్వరం నిండుగా రావాలని డేవిస్ గారు చెప్పేవారు. తర్వాత లోకమంతా మెచ్చుకున్నది ఆర్మ్‌స్ట్రాంగ్ బూరలోని ఆ నిండుదనాన్నే.

ఒకరోజు బ్యాండు లూయీ వాడ మీదుగానే కవాతు చేసింది. పాడుబడిన వాడ అని సారు అన్న వాడ అదే! ముందు నడుస్తున్నది తమ పిల్లవాడని చూసి జనం ఇండ్లల్లోంచి ఉరికి వచ్చారు. అమ్మను కూడా పిలుచుకొచ్చారు. జూదగాళ్లు, తాగుబోతులు అని పేరుపడ్డవాళ్లే పైసలు కుమ్మరించారు. పిల్లల టోపీలు నిండిపోయాయి. ఆ డబ్బుతో బ్యాండుకంతటికీ కొత్త వాయిద్యాలు, కొత్త బట్టలు వచ్చాయి. ఈ భాగం నేను మూడుసార్లు చదివాను.

1914 జూన్‌లో లూయీ బయటికొచ్చాడు. బొగ్గుబండి తోలుతూనే రాత్రిళ్లు వాయించాడు. జో ఆలివర్ అనే పెద్ద కళాకారుడు అతన్ని చేరదీశారు. ఆయన పిలుపు మీదే 1922లో షికాగో వెళ్లాడు. 1925 నుంచి 1928 దాకా ఆయన ఇచ్చిన రికార్డులు జాజ్ సంగీతం దారినే మార్చేశాయి. 1957లో లిటిల్ రాక్ అనే ఊరిలో తొమ్మిది మంది నల్లజాతి పిల్లలను హైస్కూల్లోకి రానివ్వకపోతే, దేశాధ్యక్షుణ్ణే బహిరంగంగా తప్పుపట్టి, ప్రభుత్వం తరఫున రష్యా వెళ్లాల్సిన పర్యటన మానుకున్నారు. 1971 జూలై 6న న్యూయార్క్‌లో తన ఇంట్లో కన్నుమూశారు. 2001లో న్యూ ఆర్లీన్స్ విమానాశ్రయానికి ఆయన పేరే పెట్టారు.

అంత పెద్దవాడైనా సారును మరువలేదు. 1931లో సొంత ఊరికి వచ్చినప్పుడు ఆ హోమ్‌కు వెళ్లి, డేవిస్ గారితో, బ్యాండు పిల్లలతో కలిసి ఫోటో దిగారు. 1965లో ఒక టీవీ కార్యక్రమంలో ముసలివాడైన డేవిస్ గారిని మళ్లీ కలుసుకున్నారు.

డేవిస్ గారు లూయీని కొట్టడం నాకు నచ్చలేదు. కానీ తన అభిప్రాయం తప్పని తెలిసినప్పుడు ఆయన మొండికేయలేదు. తనే పిల్లవాడి దగ్గరికి నడిచి వెళ్లారు. ఆ ఒక్క అడుగు వేయకపోతే ఏమయ్యేదో అనిపిస్తుంది.

ఇక నా తప్పు. మొన్న పంద్రాగస్టు ప్రాక్టీసు అప్పుడు ఆరో తరగతి పిల్లవాడొకడు డ్రమ్ముల గది కిటికీ పట్టుకొని చూస్తుంటే నేనే తరిమాను. హాస్టల్‌లో సబ్బు పోయినా, తువ్వాల పోయినా ఆ గూడెం పిల్లల మీదే చెబుతాం. వాడు తీసినట్టు ఎవరూ చూడలేదు. రేపు సాయంత్రం ప్రాక్టీసుకు వాణ్ణి నేనే పిలుచుకొస్తాను. తాళాలు వాడికిమ్మని సారును అడుగుతాను. నాకు బ్యూగిల్ వచ్చినా సరే, రాకపోయినా సరే.

– 9వ తరగతి విద్యార్థి, బ్యాండు జట్టు