చార్మినార్ దారులు వేసిన ప్రవాసి - మీర్ మోమిన్

బ్నీద్ అల్ గార్‌లో ఉండే మనవాళ్ళకి ఫస్ట్ రింగ్ రోడ్డు బాగా తెలుసు. 1920లో కట్టిన కువైట్ కోటగోడను 1957లో కూల్చేశాక, ఆ గోడ వరసలోనే ఈ రోడ్డు వచ్చింది. గోడ లోపలి పాత ఊరు మనిషి నడక కోసం కట్టుకున్నది. 1952 మాస్టర్ ప్లాన్ తర్వాత పెరిగిన ఊరు కారు కోసం కట్టినది. కాలినడకన పనులు జరిగే ఊళ్ళు మళ్ళీ కావాలని ఈనాటి ప్లానర్లు అంటున్నారు. అలాంటి ఊరికి నాలుగు వందల ఏళ్ళ క్రితమే మన నేల మీద రూపమిచ్చిన ఒక ప్రవాసి కథ ఇది.

ఆయన మీర్ మోమిన్ అస్త్రాబాదీ. పుట్టింది ఇరాన్‌లోని అస్త్రాబాద్. గొప్ప పండితుడు, కవి. ఇరాన్ పాలకుడు షా తహ్మాస్ప్ కుమారుడు హైదర్ మీర్జాకు గురువు. 1576లో తహ్మాస్ప్ మరణించగానే, సింహాసనం కోసం జరిగిన గొడవల్లో ఆ శిష్యుడు హతమయ్యాడు. ఇక అక్కడ ఉండలేక ఆయన దేశం విడిచి 1581 ప్రాంతంలో గోల్కొండ చేరారు. మనం బతుకుతెరువు కోసం గల్ఫ్‌కి వచ్చాం. ఆయన ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని ఇటునుంచి మన దేశానికి వెళ్ళారు!

మహమ్మద్ కులీ కుతుబ్ షా ఆయన్ని పీష్వాగా, అంటే ప్రధానమంత్రిగా చేసుకున్నారు. కోట జనంతో కిక్కిరిసింది, నీటికి ఇబ్బంది. మూసీకి దక్షిణాన కొత్త నగరం కట్టాలని సుల్తాను తలపెట్టారు. దాని రూపకల్పన మీర్ మోమిన్‌దేనని చరిత్రకారులు చెబుతారు.

1591లో నడిమధ్యన చార్మినార్ లేచింది. దానినుంచి నాలుగు దిక్కులకీ నాలుగు బాటలు, వాటి వెంట బజార్లు. కూతవేటు దూరంలో చార్ కమాన్, ఆ నాలుగు కమాన్ల మధ్య గుల్జార్ హౌజ్ నీటితొట్టి. చార్మినార్ పై అంతస్తులోనే మసీదు. 1595లో దారుల్ షిఫా ఆసుపత్రి. నీళ్ళు, అంగడి, ప్రార్థన, వైద్యం అన్నీ నడిచి చేరే దూరంలోనే! హైదరాబాదును ఇస్ఫహాన్ చూసి కట్టారని చాలామంది అంటారు. కానీ షా అబ్బాస్ ఇస్ఫహాన్‌ను రాజధాని చేసుకున్నది 1598 ప్రాంతంలో. అప్పటికే చార్మినార్ నిలబడి ఉంది.

కులీ తర్వాత సుల్తాన్ మహమ్మద్ కొలువులోనూ ఆయన పీష్వాగా కొనసాగారు. నగరంలో ఒక శ్మశాన వాటిక ఏర్పాటు చేశారు. అక్కడ చల్లడానికి కర్బలా నుంచి మట్టి తెప్పించారని ప్రతీతి. సొంత ఊరు చేరలేని పరాయి దేశస్థులకీ అక్కడ చోటు దొరికింది. 1625లో ఆయనా అక్కడే కన్నుమూసి, ఆ మట్టిలోనే కలిశారు. అదే ఇప్పటి దాయిరా మీర్ మోమిన్. సాలార్‌జంగ్ వంశీకుల సమాధులూ అక్కడే ఉన్నాయి.

ఆయన వేసిన బాటల మీదికి తర్వాతి కాలంలో బస్సులు, ఆటోలు, వాటి పొగా వచ్చాయి. చార్మినార్ చుట్టూ వాహనాలు ఆపి, రాళ్ళు పరిచి, ఆ చోటును మళ్ళీ పాదచారులకి ఇవ్వడానికి ఏళ్ళు పట్టింది.

ఈసారి సెలవులకి వెళ్ళినప్పుడు గాజులు కొనడంతో సరిపెట్టకండి. పిల్లల్ని చార్మినార్ నుంచి గుల్జార్ హౌజ్ దాకా నడిపించండి. పరాయి దేశం వెళ్ళినవాడు అక్కడ సంపాదించుకోవడమే కాదు, ఆ ఊరికి ఏదైనా ఇచ్చి పోవచ్చని వాళ్ళకి చెప్పండి.